ఇద్దరు పట్టే గుడారం

ఆ ఇంట్లో మంచానికి మాత్రం సెలవు లేదు. ఆవిడ తెల్లారగట్ల లేచి పక్క దులిపి వెళ్తే, ఆయన వచ్చి అదే పక్క మీద వాలేవాడు. సాయంత్రం ఆవిడ పని దిగి వచ్చేసరికి ఆయన లేచి, మొహం కడుక్కుని, సైకిలు బయటికి తీస్తూ ఉండేవాడు. ఆవిడది పెద్దాసుపత్రి లాండ్రీలో పగటి డ్యూటీ. ఆయనది పత్రికలు అచ్చేసే ప్రెస్సులో రాత్రి డ్యూటీ. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే తంతు. మొగుడూ పెళ్లాలు గుమ్మంలో కలుసుకోవడం, గుమ్మంలోనే విడిపోవడం. "పాలు కాచి పెట్టాను", "నీ వెనక చక్రంలో గాలి తగ్గితే కొట్టాను". ఇవీ వాళ్ల ముచ్చట్లు.

అలాగని ఎడమొహం పెడమొహంగా ఉన్నారనుకునేరు, అదేం లేదు. ఆయన పడుకుని ఉంటే ఆవిడ ఇంట్లో గిన్నె చప్పుడు కానిచ్చేది కాదు. ఆయన సంగతీ అంతే. సెలవు రాత్రి నిద్ర పట్టకపోతే ముందుగదిలో కూర్చుని, దీపానికి గుడ్డ అడ్డం పెట్టుకుని, సైకిలు చెయిన్లు తుడుచుకునేవాడు గానీ పడగ్గది తలుపు ముట్టుకునేవాడు కాదు. మరి పిల్లెలా పుట్టిందే అని అడిగే కొంటెవాళ్లకు ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: "మెషీన్లక్కూడా రిపేరు రోజులుంటాయి కదమ్మా!" ఆ పిల్ల ఇప్పుడు వేరే ఊళ్లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

ఉన్నట్టుండి ప్రెస్సువాళ్లు రాత్రి అచ్చు ఎత్తేశారు. వచ్చే నెల నుంచి ఆయనకూ పగటి డ్యూటీయే. విన్నవాళ్లంతా శుభం అన్నారు. లాండ్రీలో ఆవిడకు జోడీగా దుప్పట్లు మడతపెట్టే ఒకామె ఉంది, అందరూ ఇస్త్రీ అక్క అంటారు. ఆ అక్కయితే అందరిలోనూ చప్పట్లు కొట్టి మరీ, "ఇక మొదలెట్టండమ్మా కాపురం!" అంది. ఆవిడ నవ్వింది. నవ్విందే గానీ, లోపల భయం వేసింది. ఉన్నమాట చెప్పుకోవాలంటే చచ్చేంత భయం వేసింది. మంచివాడే, కాదనడం లేదు. కానీ రాత్రి అన్నాలు తిన్నాక ఈ మనిషి ఏం చేస్తాడు? ఏం మాట్లాడతాడు? తనేం మాట్లాడాలి? ఇన్నేళ్లూ ఒక్క పోట్లాట కూడా లేకుండా కాపురం సాగింది అంటే, అది ఒకళ్లకొకళ్లు ఎదురుపడకపోవడం వల్లేనేమో? ఎదురుపడ్డాక తెలిస్తే, ఒకరికొకరు గిట్టరని అప్పుడు తెలిస్తే, ఎక్కడికి పోవాలి?

ఆయనకూ అలాంటి గుబులే ఏదో ఉండి ఉంటుంది. ఒకరోజు పొద్దున్నే గుమ్మంలో ఒక కాలి జోడు విప్పి, రెండోది విప్పకుండానే అడిగాడు.

"నెలాఖరు వారం నాకు సెలవిస్తున్నారు. నువ్వూ పెట్టు. సైకిళ్ల మీద ఏటి వెంబడి సముద్రం దాకా పోయొద్దామా? దారిలో ఎక్కడ పొద్దుగూకితే అక్కడే గుడారం వేసుకుందాం."

ఆవిడ కాలు అప్పటికే పెడల్ మీద ఉంది. ఆలస్యమైపోతోంది. "సరే" అనేసింది. వీధి మలుపు తిరిగాక గానీ తను దేనికి సరే అందో బుర్రకెక్కలేదు. ఎక్కగానే బ్రేకు వేసి, ఒక కాలు నేల మీద ఆనించి, "ఓరి నాయనో" అనుకుంది. వారం రోజులు, పగలూ రాత్రీ, ఒక్క మనిషితో!

సైకిళ్లకు వాళ్లు కొత్తవాళ్లు కారు. ఇద్దరూ ఇన్నేళ్లూ పనికి తొక్కుతూనే ఉన్నారు. గుడారాలూ, సరంజామా మాత్రం కొత్త. ఊళ్లో అలాంటివి అమ్మే దుకాణం ఒకటే ఉంది. పాత సామాన్ల గోడౌన్ను బాగుచేసి నడుపుతోంది ఒక పెద్దావిడ. కొనేవాళ్లంతా ఆవిణ్ణి పిన్నీ అంటారు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. వరసలు కలపకుండా వస్తువు అమ్మదు. "అమ్మాయ్, అది ముట్టుకోకు, నీకు పనికిరాదు" అని చేతిలోది లాక్కునే రకం. అమ్మకం పోతుందన్న చింత ఆవిడకు ఏ కోశానా లేదు.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ ఇంట్లో ఎవరు మెలకువగా ఉంటే వాళ్లు బజారు పని చూసుకోవడం అలవాటు. కూరగాయలైనా అంతే, కుళాయి చెయ్యించడమైనా అంతే. కలిసి వెళ్లాలన్న ఊహే వాళ్లకు రాలేదు. ఆయన డ్యూటీకి పోతూ సాయంత్రం పూట దుకాణంలో దూరేవాడు. ఆవిడ తన వారపు సెలవు నాడు వెళ్లేది. ఎవరు తెచ్చింది వాళ్లు ముందుగదిలో గోడవార పెట్టేవారు. ఎవరికి వారే యమునా తీరే.

ఆవిడ కొనుగోళ్లన్నీ గుడ్డ పరీక్షలే. క్యారియర్‌కు రెండు పక్కలా వేలాడేసే సంచుల్ని లోపలికి తిరగేసి, కుట్ల వెంబడి గోరుతో గీసి చూసేది. లోపల దూరి పడుకునే నిద్రసంచిని చేత్తో పిండి, "ఇది తడిస్తే రెండ్రోజులకు గానీ ఆరదు పిన్నీ, ఆ సన్నబట్టది తియ్యండి" అనేది. ఆయన గుడ్డ జోలికే పోయేవాడు కాదు. బోల్టులు తిప్పి చూడడం, పంపులో నూనె వాసన పట్టడం, జిప్పు పళ్లు లెక్కెట్టినట్టు పరీక్షించడం. వీళ్ల తీరు చూసి పిన్ని ఒకరోజు ఆవిడ దగ్గర విసుక్కుంది కూడా: "మీ ఇంట్లో ఒకళ్లకి చేతులే ఉన్నాయి, ఒకళ్లకి ముక్కే ఉంది, నోరు ఎవరికీ లేదల్లే ఉంది. ఇంటికెళ్లి మాట్లాడుకోరా?"

మాట్లాడుకోలేదు మరి. గోడవార కుప్ప చూస్తే తెలిసిపోయేది. పంపులు రెండు, చిన్న గ్యాసు స్టవ్వులు రెండు, పంక్చరు డబ్బాలు రెండు, ఉప్పుడబ్బాలు కూడా రెండు. దీపం మాత్రం ఒక్కటీ లేదు. ఆయన కొంటాడని ఆవిడా, ఆవిడ కొంటుందని ఆయనా ఊరుకున్నారు. ఇవి చాలనట్టు ఆయన ఒక జత కళ్లగంతలు కొనుక్కొచ్చాడు, వెలుతురు పడకుండా నిద్రపోవడానికి! ఆరుబయట, చిమ్మచీకట్లో పడుకోబోయేవాడికి గంతలెందుకయ్యా అని అడిగేవాళ్లు ఎవరున్నారు? ఆయన జన్మలో నిద్ర అంటే పట్టపగలే. ఆవిడ ఆ గంతలు చేతిలోకి తీసుకుని నవ్వుకుంది. జాలేసింది కూడా.

ఇక మిగిలింది గుడారం. దాన్ని ఆవిడ కావాలనే చివరికి ఉంచింది. తలుచుకుంటేనే పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఒళ్లు బిగుసుకుపోయేది. చివరికి వారపు సెలవు నాడు గుండె చిక్కబట్టుకుని దుకాణానికి వెళ్లింది.

"పిన్నీ, గుడారాలు చూపించండి."

పిన్ని కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుంది. "మళ్లీ గుడారమేంటమ్మా? నీ మొగుడు నిన్ననే పట్టుకెళ్లాడుగా. లోపల దూరి పడుకుని చూడందే నేను గుడారం అమ్మనని తెలుసుగా నీకు. పడుకున్నాడు, కాళ్లు చాపాడు, సరిపోయింది అన్నాడు. ఒక్కరు పట్టేది."

"ఒక్కరు పట్టేదా?"

"అవును. ఇద్దరిదీ చూపించాను, వద్దన్నాడు. నువ్వు రావట్లేదేమో అనుకున్నాను."

అడగలేదు, చెప్పలేదు, తన పాటికి తను కొనుక్కున్నాడు. అంటే వారం రోజులు కూడా పక్కన పడుకోలేడన్న మాట. మరి వచ్చే నెల నుంచి ఇంట్లో ఏం చేస్తాడు, రెండో మంచం కొంటాడా? దుఃఖం ముందొచ్చింది, వెనకే కోపం వచ్చింది. కోపమే గెలిచింది.

"అయితే నాకూ ఒకటివ్వండి. ఒక్కరు పట్టేదే."

"పడుకుని చూడమ్మా."

"పడుకునేదేముంది పిన్నీ, ఒక్కదాన్నేగా! ఎందులో అయినా పడతాను."

పిన్ని ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి, ఎన్నడూ లేంది పడుకోబెట్టకుండానే ఇచ్చేసింది. ఆవిడ ఇంటికొచ్చి, ఆయన డ్యూటీకి పోయాక, కుప్ప అడుగున ఉన్న ఆయన గుడారాన్ని పైకి తీసి, దాని పక్కనే, ఆయన కళ్లబడేలా దీన్ని నిలబెట్టింది.

మర్నాడు పొద్దున గుమ్మంలో ఆయన ఆ రెండింటినీ చూశాడు.

"నువ్వూ ఒకటి కొన్నావా?"

"కొన్నాను. కొనకూడదా?"

"అబ్బే, అది కాదు. పోనీలే, మంచి పనే చేశావు."

పుండు మీద కారం చల్లినట్టయింది ఆవిడకు. ఆయన గొంతులో ఊరట వినబడినట్టే తోచింది మరి. సైకిలెక్కి దారంతా పెడల్ మీద కసి తీర్చుకుంది.

ఆ రోజు లాండ్రీలో ఆవిడ దుప్పటి కొస పట్టుకుని లాగే లాగుడుకు ఇస్త్రీ అక్క రెండుసార్లు ముందుకు తూలింది. మూడోసారి కొస వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమైందే నీకు? ఎవరి మీద కోపం ఈ దుప్పటి మీద చూపిస్తున్నావు?"

ఆవిడ చెప్పేసింది. ఆవిరి హోరులో పక్కవాళ్లకు వినపడదన్న ధైర్యంతో మొత్తం చెప్పేసింది.

"అడిగావా ఎందుకు కొన్నావని?"

"ఏమని అడగనక్కా? నా పక్కన పడుకోవడం ఇష్టం లేదా అనా? ఈ వయసులో! సిగ్గు లేదూ?"

"సిగ్గుపడితే సిగ్గే మిగులుతుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నీ మొగుడు తనంతట తను వచ్చి చెప్తాడా? నోరు తెరిచి అడుగు."

చెప్పడం తేలికే. ఆవిడ అడగలేదు. ఎప్పుడడుగుతుంది? గుమ్మంలో ఒక చెప్పు వేసుకుంటూనా? పైగా అడిగితే, ఆయన నిజంగానే అవునంటే? తెలియకపోతే ఎలాగో సర్దుకుపోవచ్చు. తెలిశాక సర్దుకోవడానికి ఏముంటుంది?

సెలవు మొదలైంది. మొదటి రోజు మధ్యాహ్నం ఇద్దరూ సరంజామా అంతా సైకిళ్లకెత్తి చూసుకున్నారు. ఆవిడ సైకిలు ముందు చక్రం గాల్లోకి లేచింది. ఆయన సైకిలు స్టాండు వంగి, మెల్లగా, మర్యాదగా పక్కకు ఒరిగి పడిపోయింది. ఆయన దాన్ని లేపుతూ, "రెండు స్టవ్వులెందుకు మనకి?" అన్నాడు. ఆవిడ, "రెండు పంపులెందుకు?" అంది. రెండు గుడారాలెందుకని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. అదనంగా ఉన్నవి తిరిగిచ్చేసి, దీపం తెచ్చుకుందామని మోపుల్తోనే దుకాణానికి బయల్దేరారు. పెళ్లయ్యాక ఇద్దరూ పక్కపక్కన సైకిలు తొక్కడం అదే మొదలేమో. ఎవరు ముందు పోవాలో తెలియక ప్రతి మలుపులోనూ ఇద్దరూ ఆగిపోతుంటే వెనకాల బండ్లవాళ్లు హారన్లు కొట్టారు.

పిన్ని గల్లా మీద సామానంతా చూసింది. పంపులు పక్కపక్కన పెట్టింది, స్టవ్వులు పక్కపక్కన పెట్టింది, గుడారాలు రెండూ చెరో చంకలో పెట్టుకుని వాళ్లిద్దరి వంకా చూసింది.

"ఒక ఇంట్లో రెండు కాపురాలు పెట్టారేంటమ్మా?"

ఆవిడ తల దించుకుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సరే, మీరు చెప్పరు, నేనడగను. ఈ గుడారాల్లో ఒకదాన్ని, అమ్మాయ్, నువ్వు పడుకోకుండా పట్టుకెళ్లావు, అది నా షాపు పద్ధతి కాదు, తప్పు నాదే. కాబట్టి వెనక వేసి ఉన్న, ఇద్దరు పట్టే ఆ పచ్చ గుడారంలోకి దూరండి ఇద్దరూ. కొనకపోతే మానెయ్యండి. పడుకుని చూసి చెప్పండి." ఆయన ఏదో అనబోయాడు. "నడువు అల్లుడూ, చెప్పులు బయట విప్పు!" అని కసిరింది పిన్ని.

చెప్పులు విప్పి, ఆయన ఒక పక్కనుంచీ, ఆవిడ ఇంకో పక్కనుంచీ పాక్కుంటూ లోపలికి దూరారు. ఇద్దరూ ఒకేసారి వెల్లకిలా పడుకోబోయారు. ఠంగున తలలు ఢీకొన్నాయి.

"అబ్బా!" అంది ఆవిడ నుదురు పట్టుకుని. "అంత మధ్యకొచ్చి పడుకుంటారేంటండీ?"

"నువ్వూ మధ్యకే వచ్చావుగా."

"నేనెప్పుడూ మధ్యనే పడుకుంటాను."

"నేనూ అంతే."

ఒక్క క్షణం ఇద్దరూ నోరు తెరుచుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకే మంచం, ఒకే పరుపు, ఆ పరుపు మధ్యలో ఒకే గుంట. అది తన గుంటే అని ఇన్నేళ్లూ ఎవరికి వారు అనుకున్నారు. ముందుగా ఆయనకు నవ్వొచ్చింది. ఆయన నవ్వడం చూసి ఆవిడకూ ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాక, ఆ నవ్వు ఇచ్చిన ధైర్యం చల్లారకముందే ఆవిడ అడిగేసింది.

"ఒక్కరిది ఎందుకు కొన్నారు?"

ఆయన నవ్వు ఆగిపోయింది. పచ్చగుడ్డ వైపు చూస్తూ పడుకున్నాడు. చెప్పడనుకుంది ఆవిడ.

"నాకు రాత్రిళ్లు నిద్ర రాదు కదా," అన్నాడు చివరికి. "అటూ ఇటూ దొర్లుతాను. లేచి కూర్చుంటాను. ఈ కాస్త చోటులో నేను కదిలితే నీకు మెలకువొచ్చేస్తుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ నీకు నేను చేసిన సుఖం ఏముంది చెప్పు? సినిమాకి తీసుకెళ్లానా, షికారుకి తీసుకెళ్లానా? రాత్రిపూట నీ నిద్ర జోలికి పోలేదు, అదొక్కటే. అదొక్కటైనా సరిగ్గా చేశానని తృప్తి నాకు. ఇప్పుడది కూడా పాడుచెయ్యనా?"

ఈ మనిషి మీదా తను కోపం పెట్టుకుంది? ఈ మనిషికా తను ఇష్టం లేనిది? పిచ్చిమొహాన్ని, పిచ్చిమొహాన్ని అని తనను తనే తిట్టుకుంది.

"నేను హాయిగా నిద్రపోయానని మీకెవరు చెప్పారు?" అంది.

"పోలేదా?"

"రోజూ మధ్యలో మెలకువొస్తుంది. పక్కన తడుముకుంటాను. ఎవరూ ఉండరు. డ్యూటీలో ఉన్నారు కదా అని గుర్తొస్తుంది. మళ్లీ కళ్లు మూసుకుంటాను."

"రోజూనా?"

"రోజూ."

"నా సెలవు రోజున కూడానా?"

"ఆ రోజు ఇంకా కష్టం. మీరు ముందుగదిలోనే ఉంటారు. చెయిను చప్పుడు వినబడుతూనే ఉంటుంది. రమ్మందామనుకుంటాను. మళ్లీ, ఏదో పనిలో ఉన్నారులే, నేనెందుకు అడ్డం అనుకుని ఊరుకుంటాను."

ఆయన చటుక్కున ఆవిడ వైపు తిరిగాడు. "పనా? ఏం పనే అది! తుడిచిన చెయినే మళ్లీ తుడిచేవాణ్ణి. నువ్వు లేస్తే బాగుండుననుకుంటూ తుడిచేవాణ్ణి. మరి ఒక్కసారన్నా చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పను? గుమ్మంలోనా?"

ఆయన ఆవిడ చేతి మీద తన చెయ్యి వేశాడు. సిరా ఇంకిపోయిన వేళ్లు, సబ్బునీళ్లకు ముడతలు పడ్డ వేళ్లు. బయట పిన్ని ఎవరితోనో రబ్బరు ట్యూబుల గురించి గొడవపడుతోంది.

"నాకు ఈ అలవాటు ఒక్కరోజులో పోదు," అన్నాడాయన. "వచ్చే నెలంతా రాత్రిళ్లు గుడ్లగూబలాగే కూర్చుంటాను. నీకేమో తెల్లారి పని."

"కూర్చోండి. కానీ ముందుగదిలోకి పోవద్దు. నన్ను లేపండి."

"నిద్రపోతున్నదాన్నా?"

"నిద్రపోతున్నదాన్నే లేపుతారు ఎవరైనా."

ఆయన ఆలోచనలో పడ్డాడు. ఇంట్లో ఉన్నా అలికిడి లేకుండా తిరగడం నేర్చుకున్నవాడు ఆయన. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు, తలుపు గడియ నూనె పెట్టి తీసేవాడు. ఇప్పుడీ కొత్త పని ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో ఆయనకు నిజంగానే తెలియలేదు.

"ఎలా లేపాలి?" అని అడిగాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు.

ఆవిడ జరిగి ఒక పక్కకి తిరిగి పడుకుని కళ్లు మూసుకుంది. ఆయన కాసేపు తటపటాయించి, వేలి కొసతో ఆవిడ భుజం మీద తట్టాడు.

"ఇలాగా?"

"అలా అయితే నాకేం తెలుస్తుంది? ఇంకొంచెం గట్టిగా."

ఆయన అరచెయ్యి మొత్తం భుజం మీద వేసి కుదిపాడు.

ఆవిడ కళ్లు తెరిచి ఇటు తిరిగింది. కళ్లనిండా నీళ్లు.

"ఆఁ, లేచానండీ," అంది. "చెప్పండి."